పచ్చ నెత్తురు: ఒక గృహస్థు అర్జీ

అర్జీ అన్నాక పైన ‘మహారాజశ్రీ’ అని మొదలుపెట్టి ఒక హోదా రాయాలి. నా అర్జీ ఆ మొదటి పంక్తి దగ్గరే ఆగిపోయింది. సినిమా మీద ఫిర్యాదైతే సమాచార ప్రసార శాఖ ఉంది. ఫోనులో ఆడే ఆట మీద ఫిర్యాదు ఎవరికి రాయాలి? 2022 డిసెంబరులో కేంద్రం ఈ సంగతి తేల్చింది. ఆన్‌లైన్ ఆటలు ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖకి. అవే ఆటలు పెద్ద క్రీడోత్సవాల్లో ఈ-స్పోర్ట్స్‌గా ఆడితే యువజన క్రీడల శాఖకి. ఆ లెక్కన మా వాడు నవారు మంచం మీద బోర్లా పడుకుని తుపాకీ పేలుస్తున్నంతసేపూ ఐటీ మంత్రిగారి పరిధిలో ఉంటాడు. జెర్సీ వేసుకుని అదే పని ఏ ఆసియా క్రీడల్లోనో చేస్తే క్రీడల మంత్రిగారి పరిధిలోకి వెళతాడు. మధ్యలో అన్నానికి లేచిన కాసేపు మాత్రం నా పరిధి. అందుకని ఈ అర్జీ ఎవరికి సంబంధిస్తే వారికే అని రాస్తున్నాను. ఎవరికీ సంబంధించదేమోనన్న అనుమానం నాకు లేకపోలేదు.

నా బాధ సూటిగా చెబుతాను. నన్ను అడక్కుండా, నోటీసు ఇవ్వకుండా, సిట్టింగుకి ఇంత అని భత్యం కట్టకుండా నన్ను సెన్సారు అధికారిగా వేశారు. వాషింగ్టన్‌లో సెనేటర్లు, లండన్‌లో సెన్సారు పెద్దలు, బీజింగ్‌లో అధికారులు, ఢిల్లీలో మంత్రిత్వ శాఖలు ముప్పై ఏళ్ళుగా తలలు బద్దలు కొట్టుకుని, చివరికి ‘తల్లిదండ్రులు గమనించుకోవలెను’ అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. ఆ దులిపిన దుమ్మంతా వచ్చి మా ముందుగదిలో పడింది.

ఆట పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది చదివే ఇళ్ళలో ఇంకో నలుగురు కుర్రాళ్ళు దాన్ని దింపుకుంటారు, వాళ్ళ తండ్రులు నా మీద అర్జీ పెడతారు. తొమ్మిదో తరగతి చదివే మా వాడు ఆడతాడు, అందులో మనుషులు మనుషుల్ని కాలుస్తారు. అంతవరకు చాలు. దింపుకునేచోట ఆట పేరు దగ్గర చిన్న అక్షరాల్లో ఒక అంకె, దాని పక్కన ప్లస్సు గుర్తు ఉంటాయి. ఆ అంకె ఎవరు వేశారని ఆరా తీశాను. మన దేశంలో సినిమాకి బోర్డుంది, ఓటీటీకి 2021 నుంచి నిబంధనలున్నాయి, వీడియో గేముకి వయసు కట్టే ప్రభుత్వ బోర్డంటూ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ల ప్లే స్టోరులో కనబడే అంకె ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి పద్ధతిలో వస్తుంది. ఆట తయారుచేసినవాడే ఒక ప్రశ్నావళి నింపుతాడు. హింస ఉందా? ఎవరి మీద? నెత్తురు కనబడుతుందా? బూతులున్నాయా? జూదముందా? జవాబులు పడగానే యంత్రం లెక్కగట్టి అమెరికాకి ఒక వయసు, ఐరోపాకి ఒక వయసు, జర్మనీకి ఒక వయసు చెబుతుంది. సొంత బోర్డు లేని మనలాంటివాళ్ళకి ఉమ్మడిగా ఒక వయసు. పరీక్ష రాసినవాడి చేతికే ఎర్ర కలం ఇచ్చి దిద్దుకోమన్నట్టుంది ఇది. తప్పుంటే తర్వాత సరిదిద్దే ఏర్పాటు ఉందంటారు. ఉండనివ్వండి.

ఈ ప్రశ్నావళి సంగతేమిటో చూద్దామని, అలాంటిదే ఒకటి నేను కాగితం మీద గీసి, మా ఇంట్లో రోజూ రాత్రి నడిచే ఒక కార్యక్రమానికి నింపాను. మా అమ్మ మా చిన్నదానికి, అది ఒకటో తరగతి, ప్రహ్లాదుడి కథ చెబుతుంది. హింస ఉందా? ఉంది. పిల్లల మీద ఉందా? కథంతా అదే: ఏనుగుల చేత తొక్కించడం, కొండమీంచి తోయించడం, విషం పెట్టించడం. చేయించేది ఎవరు? కన్నతండ్రి హిరణ్యకశిపుడు. నెత్తురు? ధారలు. శరీర భాగాలు బయటికి కనబడతాయా? చివర్లో నరసింహస్వామి ఆ తండ్రి పేగులు తీసి మెళ్ళో దండగా వేసుకుంటాడండీ! కల్పితమా, వాస్తవమా? ఈ ప్రశ్న మా అమ్మనడిగే ధైర్యం నాకు లేదు. మొత్తం కూడితే పద్దెనిమిది పైన తేలింది. ఆ మాటే అమ్మకి చెప్పాను.

“అలాగేలేరా, అది నిద్రపోయాకే చెబుతాను” అంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన గడి వేరే ఉంది. దాడి చేసేది మనిషా, జంతువా? రెంటిలో ఒకదాని మీద టిక్కు కొట్టాలి. నరసింహస్వామి దగ్గర ఏది కొట్టను? హిరణ్యకశిపుడి వరంలో ఉన్న చిక్కు అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆయనా పకడ్బందీగానే రాయించుకున్నాడు. మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ చావు రాకూడదు. ఏ ప్లీడరూ అంతకన్నా గట్టిగా రాయలేడు. ఆ కథ వల్ల మా వాడికి భక్తి ఎంత అబ్బిందో తెలియదు గానీ కంత వెతకడం మాత్రం బాగా వంటబట్టింది. ఇంట్లో ఫోను పట్టుకోవద్దన్నాను. బయటికి ఫోను పట్టుకెళ్ళవద్దన్నాను. గడప మీద కూర్చుని ఆడుతున్నాడు. పగలు చదువు, రాత్రి నిద్ర అన్నాను. సరిగ్గా దీపాలు పెట్టేవేళకి మొదలెడుతున్నాడు.

పిల్లల కథల్లో నెత్తురు లెక్కబెట్టింది నేనొక్కడినే కాదు. హింసాత్మక ఆటలు పద్దెనిమిది నిండనివాళ్ళకి అమ్మకూడదని కాలిఫోర్నియా 2005లో చట్టం చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏడుగురు అటు, ఇద్దరు ఇటు. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా గారు గ్రిమ్ సోదరుల కథలు బయటికి లాగారు. సిండ్రెల్లా సవతి అక్కల కళ్ళు పావురాలు పొడుస్తాయి, హాన్సెల్ గ్రెటెల్ తమను బంధించినావిడని పొయ్యిలో వేస్తారు, వీటిని పిల్లల చేతుల్లో పెట్టడం లేదా అన్నారు. ఆయన ఒక్క రాత్రి మా అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని ఉంటే తీర్పు ఇంకో పది పేజీలు పెరిగేది.

ఇక నెత్తురు రంగు. ఇది పెద్ద చరిత్ర. 1993లో మోర్టల్ కాంబాట్ అనే కొట్లాట ఆట అమెరికా ఇళ్ళలోకి వచ్చింది. నింటెండో వారు తమ యంత్రంలో నెత్తుటికి బూడిదరంగు వేయించి చెమట అనిపించారు. సేగా వారు కూడా నెత్తుటిని దాచారు గానీ, బటన్లు ఒక వరసలో నొక్కితే ఎర్రగా బయటపడేలా దాచారు. పిల్లలు ఏది ఎక్కువ కొన్నారో చెప్పక్కర్లేదు. ఆ డిసెంబరులో సెనేటర్లు లీబర్‌మన్, కోల్ విచారణ జరిపి, మీరు దారికి రాకపోతే మేమే చట్టం తెస్తామన్నారు. కంపెనీలు భయపడి 1994లో ఈఎస్ఆర్‌బీ అని తమ బోర్డు తామే పెట్టుకున్నాయి. ఐరోపాలో 2003 నుంచి 3, 7, 12, 16, 18 అని వయసు మెట్లు. ఆస్ట్రేలియాలో 2013 దాకా ఆటలకి పద్దెనిమిది మెట్టే లేదు. పెద్దలకి మాత్రమే తగిన ఆట వస్తే దాన్ని ఎక్కించే మెట్టు లేక, అది పెద్దలకీ దొరికేది కాదు. ఈ పద్ధతి మీద నాకు కొంత గౌరవం ఉంది. మా ఆఫీసులో ఫైళ్ళు కూడా ఇలాగే ఆగుతాయి.

1997లో కార్మగెడాన్ అని ఒక కారు ఆట. దారినపోయేవాళ్ళని గుద్దితే పాయింట్లు. బ్రిటన్ సెన్సారు వీల్లేదంది. కంపెనీవారు పాదచారుల్ని జాంబీలుగా మార్చి, వాళ్ళ నెత్తుటిని ఆకుపచ్చ చేసి తెచ్చారు. సరేనన్నారు. బతికున్నవాడిని గుద్దితే నేరం, అప్పటికే చచ్చినవాడిని గుద్దితే వినోదం. తర్వాత వాళ్ళు అప్పీలు గెలిచి ఎర్రదీ తెచ్చుకున్నారు, అది వేరే సంగతి. జర్మనీలో హాఫ్-లైఫ్ ఆటలోని సైనికులు రోబోలైపోయారు. అన్నిటికన్నా మర్యాదైనది చైనా. అక్కడ 2019లో పబ్‌జీ మొబైల్ అనే తుపాకుల ఆట స్థానంలో వచ్చిన ఆటలో తూటా తగిలినవాడు నేలకూలడు. తన సామానంతా పెట్టెలో సర్ది పెట్టి, చెయ్యి ఊపి, సెలవు తీసుకుని వెళ్ళిపోతాడు. తాంబూలం ఒక్కటే తక్కువ.

మన దేశంలో పబ్‌జీ పురాణం అందరికీ తెలిసిందే అయినా, అర్జీలో పూర్వాపరాలు రాయాలి కనుక రాస్తున్నాను. 2019 జనవరిలో ‘పరీక్షా పే చర్చా’లో ఒక తల్లి తన కొడుకు ఆన్‌లైన్ ఆటల గురించి మొరపెట్టుకుంటే, పబ్‌జీయేనా అని ప్రధానమంత్రి గారే అడిగారు. అదే ఏడు మార్చిలో రాజ్‌కోట్‌లో పోలీసులు నిషేధం ప్రకటించి, ఆడుతున్న కుర్రాళ్ళను కొందరిని పట్టుకెళ్ళారు కూడా. ఆట ఆగలేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధం వేసింది. 118 యాప్‌లను ఒకే దెబ్బకి ఆపేశారు, అందులో ఇదొకటి. కారణం నెత్తురు కాదు, చదువు కాదు, కళ్ళజోడు కాదు. ఐటీ చట్టం 69ఏ సెక్షను, దేశ సార్వభౌమత్వం, భద్రత. తండ్రులంతా ఏళ్ళ తరబడి గొంతు చించుకుంటే కానిది, సరిహద్దులో మంట లేచేసరికి ఒక్క సాయంత్రంలో అయిపోయింది. నేను వద్దంటే చాదస్తం, సర్కారు వద్దంటే దేశభద్రత!

2021 జూలై 2న ఆ ఆట పేరు చివర దేశాన్ని తగిలించుకుని, బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాగా తిరిగొచ్చింది. నెత్తురు ఆకుపచ్చ. అందులో ఎవరూ ఎవరినీ చంపరు, ‘ఫినిష్’ చేస్తారు. 2022 జూలై 28న మళ్ళీ మాయమైంది. 2023 మేలో మూడు నెలల పరిశీలన అంటూ మళ్ళీ ప్రత్యక్షమైంది. పిల్లల క్షేమం కోసం ఏర్పాట్లు కూడా చేశారు. పద్దెనిమిది నిండనివాళ్ళు సంరక్షకుడి ఫోనుకి వచ్చే ఓటీపీ కొట్టాలి. రోజుకి 3 గంటలకి మించి ఆడకూడదు. 2023లో పెద్దలకి కూడా 6 గంటల హద్దు పెట్టారు. మా సెక్షనులో పనిచేసేవాళ్ళకి ఈ 6 గంటలు కనీస హద్దుగా పెడితే బాగుండునని నాకనిపించింది.

మూడో నిబంధన చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మైనరు పిల్లవాడు ఆటలో రోజుకి 7,000 రూపాయలకి మించి ఖర్చు పెట్టరాదు. రాదట! నెలకి లెక్క వేశాను. 2,10,000. ఇది పిల్లల్ని కాపాడడానికి వేసిన కంచె. నా సంతకంతో నేను మా ఆఫీసులో చిల్లర ఖర్చుల కింద రాయగల మొత్తం ఇందులో సగం కూడా లేదు, అదీ ఏడాదికి, అదీ బిల్లులు జతచేస్తేనే. ఈ హద్దు కట్టిన పెద్దమనిషి ఎవరో గానీ ఆయన పిల్లలు అదృష్టవంతులు.

మా ఇంటి ఆట దగ్గరికి వస్తాను. తెరవగానే పుట్టినతేదీ అడుగుతుంది. వేలితో దొర్లించే అంకెల చక్రం అది. పిల్లలు గట్టిగా ఒక్క తోపు తోసి, అది ఎక్కడ ఆగితే అక్కడ పుడతారు. మా వాడు 1951లో పుట్టాడు. ఆ లెక్కన నాకు పెదనాన్న వరస. సంక్రాంతికి వాడి కాళ్ళకి నేనే దణ్ణం పెట్టి పంచెల చాపు అందుకోవాలి. ఇంకో ఖాతాలో మాత్రం, ఏ గాలి తగిలిందో, నిజం వయసు వేశాడు. వెంటనే సంరక్షకుడి నంబరు అడిగింది. మా బావమరిది కొడుకు నంబరిచ్చాడు. ఆ కుర్రాడు ఇంటరు రెండో ఏడు. మా బంధువర్గంలో ఇప్పటికి నలుగురికి సంరక్షకుడు, వాళ్ళ వీధిలో ఇంకెందరికో. ఇంత చిన్న వయసులో ఇంత బాధ్యత మోస్తున్నవాడు మా వంశంలో ఇంకొకడు లేడు.

“నా నంబరు ఉండగా వాడిదెందుకు ఇవ్వాలే?” అని మా ఆవిడ మీద కేకలేశాను.

“మీ నంబరైతే ఏం ఒరిగేదండీ? ఆ ఫోను ఉన్నది వాడి చేతిలోనే కదా!” అంది.

హింస సంగతి చెప్పమంటే, నేను చూసినంతలో మా వాడు బొద్దింక కనబడితే మంచమెక్కి నన్ను పిలిచే రకం. రాత్రిపూట గదిలోంచి “మామా, నాక్ అయిపోయాను, రివైవ్ చెయ్‌రా” అని దీనంగా వినిపిస్తుంది గానీ అందులో క్రౌర్యం కన్నా యాచనే ఎక్కువ. హింసాత్మక నేరాలకి వీడియో గేములే కారణమనడానికి తగిన ఆధారం లేదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో చెప్పింది. అరవడం, తోయడం వంటి దుడుకుతనంతో మాత్రం చిన్నపాటి సంబంధం ఉందట. అరవడం, తోయడం కొలమానమైతే, పుష్కరాల రోజుల్లో మా ఊరి బస్టాండుకి ఎంత వయసు కట్టాలో వారే చెప్పాలి. ఆట మానలేకపోవడాన్ని ఒక జబ్బుగా చేర్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని నేను కొట్టిపారేయను. అన్నం చల్లారిపోతున్నా లేవనివాడిని రోజూ చూస్తున్నవాణ్ణి.

నాకు భయం తుపాకీని చూసి కాదు, తుపాకీ పక్కనున్న అంగడిని చూసి. తుపాకీకి మెరుపు, చొక్కాకి రెక్కలు, పారాచూట్‌కి నెమలి బొమ్మ, నెత్తిమీదికి కుందేలు చెవులు. వీటిని ‘స్కిన్’లు అంటారు. తూటా దెబ్బ అదే, పూత మారుతుంది. కొన్ని పెట్టెలకి ముందే డబ్బు కట్టాలి, తెరిచాకే అందులో ఏముందో తెలుస్తుంది. ఎక్కువసార్లు పనికొచ్చేదేమీ ఉండదు. ఇలా డబ్బు తీసుకుని తెరిపించే పెట్టె జూదమేనని బెల్జియం 2018లో తేల్చేసింది. నెత్తుటికి వేసిన ఆకుపచ్చ రంగు ఒక్కటే ఉచితం. ఆటలో తక్కిన ప్రతి రంగుకీ వెల ఉంది. ఇన్ని దేశాల సెన్సార్లు ఆ ఉచితమైన రంగు చుట్టూనే తిరిగాయి.

మన చట్టాలు జూదం దగ్గర కఠినంగానే ఉన్నాయి. ఫోనులో పేకాటని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం ప్రోత్సహిస్తామని చట్టం చేసింది. దాని ఫలితం మా ఇంట్లో ఇలా ఉంది. యాభై దాటిన మా బావమరిది తన జీతం డబ్బు పెట్టి ఫోనులో రమ్మీ ఆడుకోవడానికి వీల్లేదు. మీసం రాని మా వాడు నా జీతం డబ్బు పెట్టి తుపాకీకి గులాబీ రంగు కొనుక్కోవచ్చు. ఈ మాట అంటే, “నాన్నా, మావయ్యది జూదం, నాది క్రీడ” అంటాడు. చట్టం చదివినట్టే ఉన్నాడు వెధవ.

సినిమాల సంగతి ఎత్తకూడదనే అనుకున్నాను. ఎత్తకపోతే మా వాడే ఎత్తుతాడు. మన సెన్సారు బోర్డు 2024 చివర్లో యూ/ఏని 7, 13, 16 అని మూడు ముక్కలు చేసింది. అంతకుముందు ఏడాదే ‘సలార్’కి ‘ఎ’ ఇచ్చింది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. మా ఊళ్ళో ఒక హాలు గుమ్మం దగ్గర ‘ఎ’ సినిమాకి చంకలో పిల్లలతో జనం క్యూ కట్టడం నేను కళ్ళారా చూశాను. టిక్కెట్టు చింపే కుర్రాడు పిల్లల వయసు అడగలేదు. బయటి నుంచి జంతికలు తెచ్చుకున్నారేమోనని సంచులు మాత్రం గాలించాడు. లోపల హీరో గొడ్డలి ఎత్తితే నెత్తురు ఎర్రగానే చిమ్ముతుంది, హాలంతా ఈలలు. “అందులో ఎరుపు ఉండొచ్చా నాన్నా, నా ఆటలో ఉండకూడదా?” అని మా వాడు నిలదీశాడు. అది కళరా అన్నాను. గ్రాఫిక్స్ అయితే తన ఆటలోనే బాగున్నాయన్నాడు.

కనుక ఏలినవారికి మనవి చేసుకునేదేమంటే, సెన్సారు పని నాకే ఖాయం చేసేటట్టయితే ఒక రబ్బరు స్టాంపు, సిట్టింగు భత్యం, ఆదివారం సెలవు ఇప్పించాలి. సంరక్షకుడు అనేవాడు తాను సంరక్షించేవాడికన్నా కనీసం పదిహేనేళ్ళు పెద్దవాడై ఉండాలని జీవో ఇవ్వాలి. పిల్లల ఖర్చు హద్దు కట్టేటప్పుడు ఆ పిల్లల తండ్రి జీతం చీటీ ఒకసారి తెప్పించుకుని చూడాలి. వయసు అంకె పక్కనే, ఈ ఆట పూర్తయ్యేసరికి ఇంటికి ఎంత పడుతుందో అది కూడా అంతే లావు అక్షరాల్లో వేయించాలి.

ఇవేవీ కుదరకపోతే ఒక్కటి చేయండి. నెత్తుటిని మళ్ళీ ఎర్రగా చేయించండి. మునుపు మా అమ్మ అటుగా వెళుతూ తెర మీద ఎరుపు కనబడితే, “ఆ పాడు నెత్తురేమిట్రా సంధ్యవేళ” అని ఫోను లాక్కుని కొంగున ముడేసుకునేది. మా ఇంట్లో సరిగ్గా పనిచేసిన సెన్సారు అదొక్కటే. ఇప్పుడు తెరంతా పచ్చపచ్చగా చిందుతుంటే ఆవిడ దాన్ని వ్యవసాయం ఆట అనుకుంటోంది. మొన్న వాడి పక్కన చేరి, “ఈ ఏడు ఏం చల్లావురా, మినుమా, పెసరా?” అని అడిగింది.

“మినుమే నాయనమ్మా” అన్నాడు వాడు, తలెత్తకుండా.